వాస్తుశిల్పి పూచీ

ఇల్లు కట్టింపదలచిన గృహస్థు శిల్పిని కలిసికొనినప్పుడు అడుగు మొదటి ప్రశ్న "ఎంత యగునండీ?" అనునది. శిల్పి చెప్పు మొదటి మాట "దానికేమి, చూతము లెండి" అనునది. ఇరువురును మర్యాదస్థులే. కాఫీ త్రాగి, నమస్కారములు చెప్పుకొని లేచెదరు, పని మొదలగును. ఆ రెండు మాటల నడుమ వ్రాయక విడిచిన సంగతులే యేడాది తిరుగకముందు తగవులై న్యాయస్థానపు మెట్లెక్కుచుండును.

నేను శిల్పిని గాను, న్యాయవాదిని గాను. ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి పొందినవాడను. నా శిష్యులలో నొకడు వాస్తుశాస్త్రము చదివి, జనులు ఆర్కిటెక్టు అని పిలుచు వృత్తిలో నున్నాడు. అతడొకనాడు వచ్చి, "మాస్టారుగారూ, ఇల్లు కట్టించుకొను రైతుచేత ఆయన చదువలేని ఇంగ్లీషు కాగితముపై సంతకము పెట్టించుటకు నాకు మనసొప్పుట లేదు. ఆయనకు తెలిసిన మాటలలో ఒడంబడిక వ్రాసిపెట్టుడు" అని కోరెను. ఆ కాగితము వ్రాయుటకై నేను చట్టములను చదువవలసి వచ్చినది. అందు గ్రహించిన దానిని నేడు మీకు మనవి చేసెదను. ఈ వృత్తిలో దిగు యువతీయువకులకును, ఇల్లు కట్టించువారికిని ఇది యుపయోగపడునని నా నమ్మకము.

మన ప్రాచీన శిల్పగ్రంథములైన మయమతము, మానసారము నలుగురు శిల్పులను పేర్కొనుచున్నవి. స్థపతి యోచించి నడిపించువాడు. సూత్రగ్రాహి త్రాడు పట్టి కొలతలు చూచువాడు. తక్షకుడు చెక్కువాడు. వర్ధకి చెక్కిన వానిని కూర్చి నిలబెట్టువాడు. ఎవరి పని యేదియో పని మొదలిడుటకు ముందే తెలియవలెనని ఈ విభాగము మనకు బోధించుచున్నది.

మన పూర్వులు వెలలను గడువులను గూడ విడిచిపెట్టలేదు. కౌటిల్యుని యర్థశాస్త్రము నాలుగవ యధికరణమున పనివారి ధర్మము చెప్పబడినది. స్థలము, కాలము, పని రూపము ముందుగా నిర్ణయించుకొని పని చేయవలెను. గడువు దాటినచో కూలిలో నాలుగవ వంతు తగ్గును. అందునకు రెట్టింపు జరిమానా పడును. అయితే అనుకొనని యాపద వచ్చినప్పుడు ఈ దండన లేదు. ఈ మినహాయింపును గమనింపుడు. నేటి ఒడంబడికలలో వరద, భూకంపము మున్నగు వానికై వ్రాయు షరతునకు బీజ మిచ్చటనే యున్నది.

దీనికి భిన్నమైన త్రోవ నొకదానిని బాబిలోను రాజగు హమ్మురాబి సుమారు 3,750 ఏండ్లకు పూర్వము శాసనముగా చెక్కించెను. ఆ శిల నేడు పారిసులోని లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది. ఇల్లు కట్టిన వానికి ఇంటి వైశాల్యమును బట్టి కూలి నిర్ణయించినది. ఇల్లు కూలి యజమాని చచ్చినచో కట్టినవానికి మరణదండనము. సామగ్రి నష్టమైనచో వాడు నష్టమిచ్చి, ఇంటిని తన ఖర్చుతో మఱల కట్టవలెను. ఆ శాసనము ఫలమును మాత్రమే చూచినది. అర్థశాస్త్రము ఒప్పుకొనిన దేమి, తప్పిన దేమి, ఎందువలన తప్పినది అని విచారించినది. మన కాలపు చట్టము ఈ రెండవ త్రోవనే నడుచుచున్నది. కావున ఒప్పుకొనిన దేమో ఋజువు చేయలేనివానికి చట్టము తోడ్పడుట కష్టము.

ఇక నేటి చట్టములకు వత్తము.

మన దేశమున 1972వ సంవత్సరమున ఆర్కిటెక్టుల చట్టము పుట్టినది. దాని ననుసరించి ఆర్కిటెక్టుల కౌన్సిలు ఏర్పడినది. తగిన విద్య ముగించి ఆ కౌన్సిలు పట్టికలో పేరు నమోదు చేసికొనినవారు మాత్రమే ఆర్కిటెక్టు అను బిరుదమును వాడవలెను. కొందఱు కలిసి సంస్థగా నేర్పడినచో, భాగస్వాము లందఱును నమోదైన వారే యైనప్పుడు ఆ సంస్థ ఈ బిరుదమును వాడుకొనవచ్చును. అయితే 2020వ సంవత్సరము మార్చి 17వ తేదీన సుప్రీము కోర్టు ఒక విషయమును స్పష్టము చేసినది. ఈ చట్టము కాపాడునది బిరుదమునే గాని, పని నంతటిని గాదు. అనగా నమోదు లేనివాడు ఇంటి ప్లాను గీయుటను ఈ చట్టము నిషేధింపదు. తాను ఆర్కిటెక్టు నని చెప్పుకొనుటను నిషేధించును. కావున గృహస్థు తన యెదుటనున్నవారి నమోదు సంఖ్యను అడిగి తెలిసికొనుట మర్యాదకు లోపము గాదు.

బిరుదముతో పాటు నియమములును వచ్చినవి. 1989వ సంవత్సరపు వృత్తిప్రవర్తన నియమములు, ఆర్కిటెక్టు తన పనికై యితరులకు కమీషను ఇచ్చుటను, ఇతరులనుండి పుచ్చుకొనుటను నిషేధించుచున్నవి. పలకరాళ్ల దుకాణమువాడు రహస్యముగా నిచ్చు సొమ్ము మంచి రాయిని కాక కమీషను రాయిని ఇంట పఱచును. ఒక శిల్పి చేయుచున్న పనిని వేఱొకడు లాగికొనరాదు. యజమాని తనంత తానే పిలిచినను, ముందున్న శిల్పి కా సంగతి తెలుపవలెను. ఈ నియమము సభ్యతకే కాదు, భద్రతకును సంబంధించినది. మొదటివాడు వేసిన పునాది సంగతి రెండవవాడు తెలిసికొనకుండ పైయంతస్తు వేయుట ప్రమాదము గదా!

ఇప్పుడు ఒడంబడిక సంగతి. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము నోటిమాటయు ఒప్పందమే కావచ్చును. మాట చెల్లును, దాని ఋజువే దొరకదు. ఇందునకు నేను కన్నులార చూచిన యుదాహరణము చెప్పెదను.

నేను పనిచేసిన యొక పాఠశాలలో రెండు గదులు కట్టింప దలచిరి. ఒక శిల్పి ప్లాను గీసి యిచ్చెను. పని చూచుటకు కూడ ఆయనను పిలిచినచో ఖర్చగునని కమిటీవారు మేస్త్రికి పని యప్పగించిరి. మేస్త్రి కప్పు వాలును తగ్గించి, నీరు పోవు తూముల నాలుగింటిలో రెండు మానివేసెను. శ్రావణమాసపు వానలకు కప్పు కాఱి, బీరువాలోని పుస్తకములు తడిసి ముద్దయైనవి. కమిటీ శిల్పిని పిలిచెను. "నేను గీసితిని; కట్టుట చూచుట నా పని గాదు" అని యాయన. "ఖర్చు తగ్గింపుమని కమిటీవారే చెప్పిరి" అని మేస్త్రి. "అట్లు చెప్పిన వారెవరు?" అని కమిటీ. నాటి సభలో మినిట్సు పుస్తకమును చదివి వినిపించినవాడను నేనే. అందు గదులు కట్టింప నిశ్చయమైనదని యొక వాక్యము మాత్రమే యుండెను. శిల్పికి రావలసిన తుది రుసుము ఇవ్వబడలేదు. కప్పు చందాలతో బాగుచేయబడెను. పిల్లల పుస్తకములు మాత్రము మఱల రాలేదు. ఆ ముగ్గురిలో అబద్ధమాడినవా డెవడో నేటికిని నేను చెప్పజాలను, ఒక్కడును ఆడియుండకపోవచ్చును. వ్రాత లేనిచోట ముగ్గురు సత్యవంతులును ముగ్గురు శత్రువులగుదురు.

కాబట్టి నా శిష్యునికై నేను వ్రాసిన కాగితమున ఈ సంగతులు చేర్చితిని. శిల్పి చేయు పనులేవి, చేయని వేవి. ఎన్ని ప్లానులు, ఎన్ని మార్పులు రుసుములో చేరినవి, ఆ పైన మార్పునకు ఎంత. స్థలమునకు ఎన్ని మారులు వచ్చి చూచును. ఆయన వచ్చి చూచుట వేఱు, దినమంతయు దగ్గఱ నుండి పని చేయించుట వేఱు, ఆ రెండవ పనికి మనిషిని పెట్టవలసినది యెవరు. దూలముల స్తంభముల బలము లెక్కకట్టు ఇంజనీరును నియమించునది యెవరు, ఆయన రుసుము ఎవరిది. సొమ్ము ఏ దశలో ఎంత చెల్లవలెను. నడుమ విడిపోదలచినచో చేసిన పనికి లెక్క యెట్లు. తగవు వచ్చినచో మధ్యవర్తి యెవరు. ఇంతయు నాలుగు పుటలు పట్టినది.

చిన్న మార్పు పెద్ద యాపదను తెచ్చుననుటకు అమెరికా దేశపు కాన్సాసు నగరమున 1981వ సంవత్సరము జూలై 17వ తేదీన జరిగిన ఘోరము సాక్ష్యము. హయత్ రీజెన్సీ హోటలులోని విశాలమైన మంటపమున పైకప్పునుండి ఇనుపకడ్డీలతో నడకవంతెనలు వ్రేలాడదీసిరి. నాలుగవ యంతస్తు వంతెన క్రింద రెండవ యంతస్తు వంతెన యుండెను. ఒకే కడ్డీ పైనుండి క్రిందివఱకు రెంటిని మోయవలెనని మొదటి యూహ. ఇనుపపని సౌలభ్యమునకై దానిని రెండు కడ్డీలుగా మార్చిరి. క్రింది వంతెన పై వంతెనకే వ్రేలాడెను. ఒకే మోకును ఇద్దరు వేర్వేఱుగా పట్టుకొని వ్రేలాడుట యొకటి. పైవాని కాలు పట్టుకొని క్రిందివాడు వ్రేలాడుట వేఱొకటి. పై వంతెన కడ్డీ బిగింపుపై బరువు రెట్టింపయ్యెను. ఆ సాయంకాలము వంతెనలు కూలి 114 మంది మరణించిరి. మార్పునకు ఫోనులో అనుమతి తీసికొంటిమని ఇనుపపనివారనిరి. అట్టి పిలుపు రాలేదని ఇంజనీర్లనిరి. కాని పనివారి పటములపై ఇంజనీర్ల యామోదముద్ర యుండెను. బాధ్యులైన ఇంజనీర్లు ఆ రాష్ట్రమున తమ వృత్తి యనుమతులను కోల్పోయిరి. శ్రోతలారా, ముద్ర వేయువాడు తాను చూచితి నని లోకమునకు సాక్ష్యమిచ్చుచున్నాడు. చూడనిదానిపై సంతకము పెట్టి, అందునకు వెల పుచ్చుకొనువాడు తన సంతకమును గాదు, ఆ యింట నిద్రించువారి ప్రాణములను అమ్ముకొనుచున్నాడు.

మన దేశమున గూడ సంతకము విలువ పెరిగినది. జనులు రేరా యని పిలుచు 2016వ సంవత్సరపు చట్టము ప్రకారము, ఇండ్లు కట్టి యమ్మువారు కొనుగోలుదారులనుండి వచ్చిన సొమ్ములో 70 శాతము ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో నుంచవలెను. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డు అకౌంటెంటు ముగ్గురును పని యింత జరిగినదని ధ్రువపఱచిన పిమ్మట, ఆ మేరకే దానినుండి తీయవలెను. ఎందఱో ఉద్యోగులు జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము ఆ సంతకముల కావలిలో నున్నది. ఇల్లు అప్పగించిన యైదేండ్లలోపల నిర్మాణలోపము బయటపడినచో కట్టి యమ్మినవారే వేఱుగ సొమ్మడుగక బాగుచేయవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది.

ఇక రుసుము. శిల్పికి వచ్చు రుసుమంతయు లాభమని చాలమంది భ్రమ. ఒక లెక్క వేసి చూతము. అఱువది లక్షల యింటికి నూటికి ఐదు వంతున మూడు లక్షలు రుసుమనుకొందము. అందులో బలము లెక్కకట్టు ఇంజనీరునకు అఱువది వేలు, సహాయకుల జీతములలో ఈ పని వంతు లక్షయిరువది వేలు, అద్దె, ప్రయాణము, అచ్చు ఖర్చులు ఏబది వేలు పోయినచో మిగులునది డెబ్బది వేలు. పని ఎనిమిది నెలలు సాగినచో నెలకు 8,750 రూపాయలు. "వంటయిల్లు ఈ ప్రక్కకు జరిపి చూపుడు" అను నాలుగు కోరికలతో అదియు హరించును. అందుచేతనే మార్పునకు వెల వ్రాయవలె నంటిని. అది లోభము గాదు, అన్నము. మఱియొక మాట. సేవలవలన వచ్చు సాలుసరి రాబడి 20 లక్షల రూపాయలు దాటినచో జీఎస్టీ నమోదు తప్పదు. బిల్లు వ్రాసిన తరువాత సొమ్ము చేతికి రాకున్నను పన్ను గడువు వచ్చును. కావున ఇంటి ఖర్చునకు, వృత్తికి వేర్వేఱు ఖాతా లుంచుకొనుట మేలు. రాని బాకీకై దావా వేయుటకు సామాన్యముగా మూడేండ్ల గడువు. స్నేహము చెడునని మూడేండ్లు మౌనముగా నున్నవానికి స్నేహమును దక్కదు, సొమ్మును దక్కదు.

ప్లాను ఎవరి సొత్తు? ఇది తఱచుగా వచ్చు ప్రశ్న. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమున వాస్తుకృతి చిత్రము, శిల్పము వలెనే కళాకృతిగా లెక్కింపబడినది. కర్త జీవితకాలమును, ఆ పైన అఱువదేండ్లును హక్కు నిలుచును. ఆ హక్కు రూపకల్పనకే. కట్టు విధానమునకు గాదు. ఒకసారి గీసిన ప్లానుతో అన్నదమ్ములు నలుగురు నాలుగిండ్లు కట్టుకొనదలచినచో, ఆ యనుమతి ఒడంబడికలోనే యుండవలెను. అయితే ఈ హక్కునకు హద్దులున్నవి. అనుమతి లేక కట్టుట మొదలైన పిమ్మట ఆ కట్టడమును ఆపించుటకు గాని కూల్చించుటకు గాని ఈ చట్టము క్రింద ఆజ్ఞ లభింపదు, నష్టపరిహారమే గతి. ఢిల్లీ ప్రగతి మైదానములోని హాల్ ఆఫ్ నేషన్స్ సంగతి మీరు వినియుందురు. రాజ్ రేవాల్ రూపకల్పన, మహేంద్రరాజ్ నిర్మాణశాస్త్ర నైపుణ్యము కలిసి 1972వ సంవత్సరమున వెలసిన యా మహామంటపము 2017వ సంవత్సరము ఏప్రిలులో కూల్చబడెను. కర్త తన గౌరవమునకు హాని కలిగినదని న్యాయస్థానమును ఆశ్రయించెను. యజమాని తన స్థలములోని కట్టడమును పూర్తిగా తీసివేయుటను కర్త హక్కు ఆపజాలదని ఢిల్లీ హైకోర్టు 2019వ సంవత్సరమున తీర్పు చెప్పినది. తీర్పు శిరోధార్యము. ఆ మంటపమును తలచి నొచ్చుకొనుటకు మాత్రము మనకు స్వేచ్ఛ గలదు.

ఇంత జాగ్రత్త పడినను మనుష్యుడు మనుష్యుడే. కొలత తప్పవచ్చును, నేలలోని మెత్తదనము పైకి కనబడక పోవచ్చును. రుసుము పుచ్చుకొని చేసిన సేవలో లోపమున్నదని, 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము క్రింద రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. అట్టి సమయమున శిల్పిని, నష్టపడిన గృహస్థును కూడ కాపాడునది వృత్తిపూచీ భీమా. దీనినే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ యందురు.

ఈ భీమా సంగతి జీవితభీమా వంటిది గాదు. ఇందు నాలుగు మెలకువలు గలవు. మొదటిది: తప్పు జరిగిన నాడే కాదు, దావా వచ్చిన నాడు గూడ పాలసీ బ్రతికి యుండవలెను. ఐదేండ్ల నాటి పనికి నేడు నోటీసు రావచ్చును. వెనుకటి ఏ తేదీ మొదలు చేసిన పనులు పాలసీలో చేరినవో చూచుకొనవలెను. వృత్తి మానిన పిమ్మటను కొన్నియేండ్లు దానిని నడుపుకొనవలెను. రెండవది: అడిగిన సంగతులన్నియు దాచక చెప్పవలెను; దాచిన సంగతి బయటపడినచో పాలసీ కాగితము చిత్తుకాగిత మగును. మూడవది: నోటీసు వచ్చిన వెంటనే భీమా సంస్థకు తెలుపవలెను, వారి సమ్మతి లేక తప్పు నాదే యని వ్రాసి యీయరాదు. నాలుగవది: బుద్ధిపూర్వకముగ చేసిన తప్పునకును, జరిమానాలకును, "నూఱేండ్లు చెక్కుచెదరదు" అను మితిమీరిన వాగ్దానమునకును సామాన్యముగా భీమా వర్తింపదు. పని జరుగుచుండగా కట్టడమునకు కలుగు నష్టమునకు వేఱొక పాలసీ, పనివారికి కలుగు గాయములకు వేఱొక పాలసీ గలవు. వానిని తీసికొనవలసినది యజమానియా, కంట్రాక్టరా అనుటయు ఒడంబడికలో వ్రాయవలెను. పరంజి మీదినుండి కూలివాడు జారిపడినప్పుడు, ఆస్పత్రి వాకిట నిలిచి ఈ విచారణ చేయుట కంటె హీనమైన పని లేదు.

కలిసి వృత్తి చేయదలచిన మిత్రులకును ఒక మాట. 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము ప్రకారము సంస్థ పనులకు ప్రతి భాగస్వామియు పూర్తిగా పూచీదారుడే. మిత్రుని పొరపాటునకు మీ యిల్లు జప్తు కావచ్చును. 2008వ సంవత్సరమున పరిమిత పూచీ భాగస్వామ్యమునకు చట్టము వచ్చినది. అందు ఒకరి తప్పు మఱియొకరి సొంత యాస్తిపై పడదు. తన తప్పు మాత్రము తన్ను విడువదు. ఏది మేలో తెలిసిన న్యాయవాదిని, లెక్కలవారిని అడిగి నిర్ణయించుకొనుడు. ఆర్కిటెక్టు బిరుదమును సంస్థ పేర వాడుకొను విషయమును గూడ అప్పుడే విచారింపుడు.

శ్రోతలారా! ఒడంబడిక యనగానే నమ్మకము లేదని యర్థము చేసికొనువారు మనలో పెక్కుమంది గలరు. నా యూహ వేఱు. పునాది త్రవ్వుటకు ముందు నేలపై ముగ్గుపోసి, గోడ యెచ్చటినుండి యెచ్చటి దాక పోవునో చూపుదురు గదా! ఆ గీత నేలను అనుమానించుట గాదు. పనివాని చేయి తప్పకుండుటకై వేసిన గుర్తు. ఒడంబడిక యట్టి ముగ్గు. ఎవరి పూచీ యెంతవఱకో అందు గీయవలెను. యువశిల్పులు మొదటి ప్లాను గీయుటకు ముందు ఈ గీతను గీయుదురుగాక. గృహస్థులు దానిని చదివి, తెలియనిది అడిగి, తెలిసిన తరువాతనే సంతకము చేయుదురుగాక.